భూమి లోపల ఇళ్లు కట్టుకున్న ఊరు

పిల్లలూ,

నవరత్నాల పేర్లు మీకు కంఠతా వచ్చు కదా. వాటిలో ఓపల్ అనే, రంగులు మెరిసే విలువైన రాయి లేదు. కానీ ఆ ఒక్క రాయి కోసమే పుట్టి, వందేళ్లు దాటినా దాన్నే నమ్ముకుని ఉన్న ఊరొకటి ఉంది. పేరు కూబర్ పీడీ. ఆస్ట్రేలియా పటంలో దక్షిణ తీరాన ఉన్న అడిలైడ్ మీద వేలు పెట్టి, అక్కడి నుంచి ఉత్తరంగా దాదాపు 850 కిలోమీటర్లు వెళ్లండి. దారి పొడవునా ఎర్రమట్టి ఎడారే. ఏడాదికి పడే వాన సగటున 150 మిల్లీమీటర్లు. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది.

అంత ఎండలో మనుషులు ఎందుకున్నారు? 1915 ఫిబ్రవరిలో కొందరు బంగారం వెతుక్కుంటూ అటు వెళ్లారు. బంగారం దొరకలేదు. వాళ్లలో ఒకరి కొడుకు విల్లీ హచిసన్‌కు పద్నాలుగేళ్లు. నీటి కోసం తిరుగుతుంటే ఆ అబ్బాయికి నేల మీద మెరిసే రాళ్లు కనిపించాయి. అవి ఓపల్ ముక్కలు. ఆ నేల మాత్రం ఖాళీది కాదు. అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా అందులోనే తిరుగుతూ బతికారు. ఆ భూమిపై అంతకిరిన్జా మాతు-యంకున్జత్జర అనే ఆదివాసీ ప్రజల సంప్రదాయ హక్కును కోర్టు గుర్తించేసరికి 2011 వచ్చింది. ఊరి చరిత్ర చెప్పేవాళ్లు ఈ రెండో తేదీని కూడా చెప్పాలని నా పట్టుదల.

మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు కొందరు అక్కడ తవ్వకానికి దిగారు. గుట్టల పక్కల్లో గదులు తొలుచుకుని ఉండే పద్ధతి వాళ్ల వల్లే పాకింది. అక్కడి రాయి తొలవడానికి మెత్తనే, కూలకుండా నిలబడేంత గట్టిది కూడా. బయట ఎండ మండుతున్నా, రాత్రి చలి కొరుకుతున్నా లోపల ఏడాది పొడవునా 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. గాలి కోసం పైకప్పులోంచి నేల మీదికి గొట్టాలు పెడతారు. చర్చిలు, హోటళ్లు కూడా లోపలే ఉన్నాయి. గది పెద్దది చేసుకుందామని గోడ తొలిస్తే ఓపల్ బయటపడిన ఇళ్లూ ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడి తవ్వకాల నియమం. మనిషికి చిన్న ముక్కే ఇస్తారు. సాధారణంగా 50 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, లేదా దానికి రెట్టింపు. అందుకే ఏ పెద్ద కంపెనీ వచ్చి ఎడారినంతా చుట్టేసుకోలేదు. ఒక్కరో, ఇద్దరు ముగ్గురు భాగస్వాములో సొంత డబ్బు పెట్టి తవ్వుతారు. లారీ మీద అమర్చిన డ్రిల్లు మనిషి పట్టేంత వెడల్పున నిలువు గొయ్యి తీస్తుంది. అది పైకి తెచ్చిన మట్టిలో రంగు మెరుపు కనిపిస్తే కిందికి దిగి అడ్డంగా సొరంగం తవ్వుతారు. పెద్ద గొట్టమున్న మరో లారీ ఆ మట్టిని పైకి పీల్చి దిబ్బగా పోస్తుంది. ఆ దిబ్బలనూ వదలరు. మట్టిని చీకటి గదిలో కదిలే బెల్టు మీదికి పంపి అతినీలలోహిత కాంతి వేస్తే, తప్పిపోయిన ఓపల్ ముక్కలు వెలుగుతాయి. పూడ్చని గోతులు ఊరి చుట్టూ లెక్కలేనన్ని. అందుకే "పరుగెత్తవద్దు, వెనక్కి నడవవద్దు" అని బోర్డులు పెట్టారు. ఫోటో తీసుకుంటూ రెండడుగులు వెనక్కి వేసేవాళ్ల కోసమే ఆ రెండో మాట.

ఇలాంటి ఊరికి ఆదాయం నిలకడగా రాదు. 1930ల మాంద్యంలో ఓపల్ ధర పడిపోయి తవ్వకాలు దాదాపు ఆగిపోయాయి. 1946లో టాటీ బ్రయంట్ అనే ఆదివాసీ మహిళ ఎయిట్ మైల్ అనే తవ్వకాల చోట గొప్ప నిక్షేపం కనిపెట్టడంతో జనం మళ్లీ ఎగబడ్డారు. 1956లో అక్కడే 3.45 కిలోల ఓపల్ దొరికింది. ఆ ఏడాది మెల్‌బోర్న్‌లో జరిగిన ఒలింపిక్స్ గుర్తుగా దానికి ఒలింపిక్ ఆస్ట్రేలిస్ అని పేరు పెట్టారు. తర్వాత గ్రీకులు, సెర్బులు, క్రొయేషియన్లు, ఇటాలియన్లు వచ్చారు. చిన్న పెట్టుబడితో సొంతంగా తవ్వుకునే వీలు లేకపోతే అంతమంది పరదేశీయులు ఆ ఎడారిలో స్థిరపడేవారు కాదని నా నమ్మకం.

1987కల్లా ఊరి మీదుగా వెళ్లే స్టువర్ట్ రహదారికి పూర్తిగా తారు పడింది. అప్పటి నుంచి భూమి లోపలి ఇళ్లను చూడడానికి వచ్చేవాళ్ల డబ్బు కూడా ఊరికి ఆధారమైంది. ఇప్పుడు తవ్వేవాళ్లు తగ్గారు. 2021 జనాభా లెక్కల్లో ఊళ్లో ఉన్నది పదిహేను వందల మంది లోపే.

అంత కొద్దిమంది కోసం నీళ్లు, కరెంటు తేవడం ఎంత కష్టమో చూడండి. పాతిక కిలోమీటర్ల అవతల బోరు వేసి, ఆ ఉప్పునీటిని శుద్ధి చేసి కుళాయిలకు పంపుతారు. 2017 నుంచి డీజిల్‌కు తోడుగా గాలి, ఎండ, బ్యాటరీలు కరెంటు ఇస్తున్నాయి. నగరాల్లో ఈ ఖర్చు లక్షల మంది పంచుకుంటారు. ఇక్కడ ఈ భారమంతా చిన్న స్థానిక మండలి మోయాల్సి వచ్చింది. అది అప్పుల్లో పడితే 2019లో ప్రభుత్వం ఎన్నికైన సభ్యులను తప్పించి నిర్వాహకుణ్ణి పెట్టింది. గోతుల్లోంచి వచ్చిన సంపద దొరికినవారి వెంట ఊరు దాటిపోతుంది, నీటి గొట్టాల బిల్లు ఉన్నవాళ్లకే మిగులుతుంది. దొరికిన ప్రతి రాయి ధరలో కొంత ఊరికి ఇవ్వాలని నియమం పెడితే న్యాయమా, లేక సొంత కష్టంతో తవ్వుకున్నవాడికి అన్యాయమా? మీలో మీరు వాదించుకుని, ఎవరు ఏ పక్షమో నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య