'తినెయ్' తెలిసినవాళ్లకు 'ఈట్ అప్' కొత్తేం కాదు: ఫ్రేజల్ వెర్బ్స్, అడ్వర్బ్స్ మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో పన్నెండేళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. డిగ్రీ పిల్లలు వస్తారు, ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవాళ్లు వస్తారు, విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లబోయే అమ్మానాన్నలూ వస్తారు. వీళ్లలో గ్రామర్ బాగా తెలిసినవాళ్లు కూడా ఒక చోట తడబడతారు. 'టర్న్ ఆఫ్', 'గివ్ అప్' లాంటి ఫ్రేజల్ వెర్బ్స్, అంటే క్రియ వెనక చిన్న మాట చేరి అర్థం మారేవి, విడిగా వచ్చు. 'క్విక్లీ', 'కంప్లీట్లీ' లాంటి అడ్వర్బ్స్, అంటే పని ఎలా జరిగిందో చెప్పే మాటలు, విడిగా వచ్చు. రెండూ ఒకే వాక్యంలోకి వచ్చేసరికి ఏది ఎక్కడ పెట్టాలో తోచక ఆగిపోతారు. నేను ఎక్కువగా వినే అపోహలు ఇవి.

అపోహ: ఫ్రేజల్ వెర్బ్స్ లాంటివి తెలుగులో లేవు, అందుకే మనకు రావు.

ఈ ఒక్కటి పోతే సగం భయం పోతుంది. 'తిను' అంటే తినమని. 'తినెయ్' అంటే పళ్లెంలో ఏమీ మిగల్చకుండా తినమని. 'ఈట్'కీ 'ఈట్ అప్'కీ ఉన్న తేడా సరిగ్గా ఇదే. 'వాడాను', 'వాడేశాను' పక్కన 'యూజ్డ్', 'యూజ్డ్ అప్' పెట్టి చూడండి. ఇల్లు 'కాలిపోయింది' అన్నప్పుడు ఇంగ్లిష్‌లో 'బర్న్‌డ్ డౌన్' అంటారు. 'తినెయ్'లో ఉన్న 'వెయ్' దేన్నీ ఎక్కడా వేయమని చెప్పదు. 'ఈట్ అప్'లో 'అప్' కూడా అంతే, పైకి అని చెప్పదు. రెండు భాషల్లోనూ ఆ చిన్న మాట తన సొంత అర్థం వదులుకుని, పని పూర్తయిందన్న సంగతి మాత్రం చెబుతోంది. అన్ని ఫ్రేజల్ వెర్బ్స్‌కీ ఇలా జోడీ దొరకదు. దొరికిన చోట మాత్రం విషయం వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు దీనికి 'త్వరగా' చేర్చండి. 'త్వరగా తినెయ్' అంటాం. 'తిని త్వరగా వెయ్' అంటే అది వేరే మాటైపోతుంది, అవతలివాళ్లు 'ఏం వెయ్యాలి?' అని అడుగుతారు. 'షి టర్న్‌డ్ క్విక్లీ ఆఫ్ ద లైట్' అన్న వాక్యం ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల చెవికి అలాగే ఎబ్బెట్టుగా ఉంటుంది. 'షి క్విక్లీ టర్న్‌డ్ ఆఫ్ ద లైట్' అనండి, లేదా 'షి టర్న్‌డ్ ఆఫ్ ద లైట్ క్విక్లీ' అనండి. రెండూ సరైనవే. మన తెలుగులో 'త్వరగా' క్రియకు ముందే ఉంటుంది కాబట్టి, రెండో పద్ధతి మనవాళ్లకు తొందరగా నోటికి రాదు. మాటల్లో ఎక్కువగా వినిపించేది మాత్రం అదే.

తెలుగుకు భిన్నంగా ఇంగ్లిష్‌లో ఒకటుంది. దేన్ని ఆర్పామో ఆ వస్తువు పేరు మధ్యలోకి రావచ్చు: 'టర్న్ ద లైట్ ఆఫ్'. 'ఇట్', 'దెమ్' లాంటివైతే మధ్యలోనే రావాలి: 'టర్న్ ఇట్ ఆఫ్'. 'టర్న్ ఆఫ్ ఇట్' తప్పు.

అపోహ: అయితే ఫ్రేజల్ వెర్బ్ మధ్యలో ఏ అడ్వర్బూ రాకూడదు.

రైట్, స్ట్రెయిట్ లాంటి కొన్ని వస్తాయి. 'ఐ విల్ కమ్ స్ట్రెయిట్ బ్యాక్', 'గో రైట్ అహెడ్'. ఇవి క్రియ గురించి చెప్పేవి కావు, పక్కనున్న 'బ్యాక్', 'అహెడ్'లకు బలం ఇచ్చేవి. 'అప్' నిజంగా పైకి అనే అర్థంతోనే ఉంటే మామూలు అడ్వర్బ్‌కీ చోటు దొరుకుతుంది: 'ప్రైసెస్ వెంట్ స్టెడిలీ అప్'. 'గివ్ అప్' అంటే వదిలేయడం, అందులో ఆ అర్థం లేదు, అందుకే 'గేవ్ కంప్లీట్లీ అప్' అనరు, 'గేవ్ అప్ కంప్లీట్లీ' అంటారు.

'లుక్ ఎట్', 'లిజన్ టు', 'డిపెండ్ ఆన్' చూడటానికి ఫ్రేజల్ వెర్బ్స్‌లానే ఉంటాయి. వీటిలో రెండో మాట ప్రిపోజిషన్, అది తన తర్వాత వచ్చే పేరుతో కలిసి నడుస్తుంది. అందుకే 'లుక్ కేర్‌ఫుల్లీ ఎట్ ద మ్యాప్', 'ఇట్ డిపెండ్స్ ఎంటైర్లీ ఆన్ యు' హాయిగా చెల్లుతాయి. ఏది ఏ రకమో తెలియకపోతే మధ్యలో ఒక అడ్వర్బ్ పెట్టి చూడమని పిల్లలకు చెబుతాను. 'హి రాన్ క్విక్లీ అప్ ద హిల్' నిలబడుతుంది. బిల్లు పెరిగిపోయేలా చేశాడన్న అర్థంలో 'హి రాన్ క్విక్లీ అప్ ఎ బిల్' నిలబడదు.

'గెట్ ఆన్ విత్' (ఒకరితో పొసగడం) లాంటి మూడు మాటలవాటిలో రెండో మాటకీ మూడో మాటకీ మధ్య సందు ఉంటుంది: 'ఐ గెట్ ఆన్ రియల్లీ వెల్ విత్ మై మదర్-ఇన్-లా'.

అపోహ: మెల్లగా అంటే స్లోలీ.

ఇది నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. నర్సింగ్ పూర్తిచేసి, విదేశీ ఉద్యోగానికి సిద్ధమవుతున్న ఒక అమ్మాయి ప్రాక్టీస్ ఇంటర్వ్యూలో 'ఐ విల్ లే ద పేషెంట్ డౌన్ స్లోలీ' అంది. గ్రామర్ తప్పు లేదు, అడ్వర్బ్ ఉన్న చోటూ సరైనదే. నీ మనసులో ఏముందమ్మా అని అడిగాను. 'నొప్పి తగలకుండా, మెల్లగా మేడం' అంది. ఆమె మనసులో ఉన్నది 'జెంట్లీ'. నర్సుగా ఆమెకున్న జాగ్రత్త అంతా ఆ ఒక్క మాటలో ఉంది. 'స్లోలీ' అంటే వినేవాళ్లకు వేగం తక్కువని మాత్రమే తెలుస్తుంది.

మన 'మెల్లగా' చాలా పనులు చేస్తుంది. 'మెల్లగా మాట్లాడు, పాప పడుకుంది' అన్నప్పుడు అది గొంతు గురించి: 'కీప్ యువర్ వాయిస్ డౌన్'. 'మెల్లగా రండి, తొందరేం లేదు' అంటే 'టేక్ యువర్ టైమ్'. గొడవ 'మెల్లగా సద్దుమణిగింది' అంటే 'థింగ్స్ గ్రాడ్యువల్లీ కామ్‌డ్ డౌన్'. అడ్వర్బ్ ఎక్కడ పెట్టాలన్న టెన్షన్‌లో, ఏ అడ్వర్బ్ కావాలన్నది మనవాళ్లు పట్టించుకోరు. నన్నడిగితే రెండోదే ముఖ్యం. చోటు కాస్త తప్పినా అర్థం చేసుకుంటారు, మాట తప్పితే వేరే అర్థం చేసుకుంటారు.

అపోహ: '-లీ' ఉంటేనే అడ్వర్బ్.

కాదు. 'హి టర్న్‌డ్ అప్ లేట్' అంటే ఆలస్యంగా వచ్చాడని. అక్కడ 'లేట్లీ' పెడితే 'ఈ మధ్య' అని అర్థం. 'హార్డ్' అంటే కష్టపడి, 'హార్డ్లీ' అంటే దాదాపు లేనట్టే. ఇంటర్వ్యూలో 'ఐ వర్క్ హార్డ్లీ' అని ఎప్పుడూ అనకండి.

అపోహ: ఇంకో మాట చేరిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది.

'రిటర్న్ బ్యాక్' మన దగ్గర రోజూ వినిపిస్తుంది. 'రిటర్న్'లోనే 'బ్యాక్' ఉంది. 'కోప్ అప్ విత్' కూడా మన దేశంలో బాగా అలవాటైంది, కానీ బ్రిటన్‌లోనైనా అమెరికాలోనైనా 'కోప్ విత్' అనే అంటారు.

అపోహ: ఫ్రేజల్ వెర్బ్స్ మాటలకే, రాతకు పనికిరావు.

'క్యారీ అవుట్', 'పాయింట్ అవుట్' పరిశోధనా వ్యాసాల్లో కూడా కనిపిస్తాయి. 'హ్యాంగ్ అవుట్' లాంటివి మాత్రం స్నేహితుల మధ్య బాగుంటాయి.

అపోహ: ఇంగ్లిష్ మీడియంలో చదవనివాళ్లకే ఈ ఇబ్బంది.

1755లో తన ఇంగ్లిష్ నిఘంటువుకు రాసిన ముందుమాటలో శామ్యూల్ జాన్సన్ వీటి గురించి ప్రత్యేకంగా చెప్పాడు. క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగిస్తుందని రాశాడు. చిక్కు ఆ భాషలోనే ఉంది. మీరు చదివిన బడికి దాన్ని అంటగట్టకండి.

నా క్లాసులో ఇంటిపని ఒకటే. ఇంట్లో రోజంతా విన్న '-ఎయ్', '-పో' మాటలు ఐదు రాసుకుని రావాలి. వాటిలో ఫ్రేజల్ వెర్బ్ దొరికినవాటికి ఒక అడ్వర్బ్ చేర్చి ఇంగ్లిష్‌లో చెప్పాలి. మొన్న ఒక పెద్దావిడ, అమెరికాలో కూతురి కాన్పుకు వెళ్తున్నారు, 'పాలు మొత్తం అయిపోయాయి' అని రాసుకొచ్చారు. కాసేపు ఆలోచించి, తడుముకోకుండా చెప్పారు: 'వి హావ్ కంప్లీట్లీ రన్ అవుట్ ఆఫ్ మిల్క్.' 'కంప్లీట్లీ'ని 'హావ్'కీ 'రన్'కీ మధ్య పెట్టాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.