ఈ ఏడాది అమ్మమ్మ సూదుల మీద ఏముంది

చిరంజీవులు పెద్దమ్మడికీ, చిన్నోడికీ అమ్మమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు కదా, "అమ్మమ్మా, నా స్వెటర్‌కి చేతులెప్పుడొస్తాయి?" అని. తాతయ్య పక్కగదిలోంచి ఒకటే నవ్వు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి మంచం కింద ట్రంకుపెట్టె లాగి, సగంలో ఆగిపోయినవన్నీ చాప మీద పరిచాను. చేతుల్లేని స్వెటర్. మూడు పువ్వుల దగ్గర ఆగిన లేసు. టాకాలు వేసి వదిలేసిన బొంత. పెద్దమ్మడి పరికిణీ కోసమని దాచిన నా పట్టుచీర, దాని మీద ఇంకా కత్తెరే పడలేదు. వచ్చే సంక్రాంతికి పెట్టె ఖాళీ అవ్వాలి, అప్పటిదాకా కొత్త ఊలు కొనను అని తాతయ్య ఎదురుగా అనేశాను. ఇక తప్పించుకోవడానికి లేదు.

ముందు స్వెటర్ సంగతి. గోదావరి జిల్లా పిల్లకి ఊలుతో పనేమిటని మీకు అనుమానం రావచ్చు. మీ అమ్మ పుట్టకముందు తాతయ్య ఉద్యోగం ఢిల్లీలో. చలికాలం మధ్యాహ్నాలు క్వార్టర్స్ ముందు నులకమంచాలు వేసుకుని ఆడవాళ్ళంతా ఎండలో అల్లుతూ కూర్చునేవారు. నాకు హిందీ రాదు, మాటల్లో కలవలేను. పక్కింటి పంజాబీ ఆవిడ నా చేతిలో రెండు సూదులు పెట్టి "సీదా, ఉల్టా" అంది. నాకొచ్చిన మొదటి హిందీ మాటలవే. సూది మీది ఒక్కో ఉచ్చునీ ఆవిడ ఫందా అనేది. ఇప్పటికీ నేను ఫందాలనే లెక్కపెడతాను.

సీదా అంటే ఊలు వెనక ఉంచి, ఫందాలోంచి ముందుకి లాగడం. ఉల్టా అంటే ఊలు ముందుకి తెచ్చి, వెనక్కి లాగడం. స్వెటర్లలో కనిపించే జడలూ, గళ్ళూ, గీతలూ చాలావరకు ఈ రెండింటి ఆటే. మీ టీషర్టు తీసి భూతద్దంతో చూడండర్రా. బయటివైపు ఇంగ్లీషు వి అక్షరాలు పేర్చినట్టుంటుంది, లోపలివైపు చిన్న చిన్న గుబ్బలు. అదీ అల్లికే, సన్నని దారంతో యంత్రం అల్లింది. తాతయ్య చొక్కా గుడ్డ అలా కాదు, అది నేత. నిలువు పోగులూ అడ్డ పోగులూ తిన్నగా ఉంటాయి కాబట్టి లాగినా సాగదు. అల్లికలో ప్రతి ఫందా వంకర తిరిగి ఉంటుంది, లాగితే ఆ వంపు తిన్నబడుతుంది. సాగడమంటే అదే. చేతి చివర ఒక సీదా, ఒక ఉల్టా వేస్తే సీదా వరసలు ముందుకి పొంగి, ఉల్టా వరసలు వెనక్కి పోయి, గుడ్డ విసనకర్రలా ముడుచుకుంటుంది. మణికట్టుని పట్టుకుని చలిగాలి దూరనివ్వదు.

చిన్నోడా, నీ స్వెటర్ ఆలస్యమవడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతున్నాను, అమ్మకి చెప్పకు. మొదలుపెట్టే ముందు 10 సెంటీమీటర్ల కంటే కాస్త పెద్ద ముక్క అల్లి, అందులో 10 సెంటీమీటర్లకి ఎన్ని ఫందాలు వస్తున్నాయో లెక్కపెట్టాలి. నలభై ఏళ్ళుగా అల్లుతున్నాను, నాకెందుకులే అనుకున్నాను. ఆ డిజైన్‌కి 10 సెంటీమీటర్లకి 22 ఫందాలు రావాలి. నీకు ఛాతీ చుట్టూ 70 సెంటీమీటర్లు కావాలి కాబట్టి 154 ఫందాలు. అల్లాను. వయసుతో చేతి పట్టు వదులైందో ఏమో, నాకు 22 బదులు 20 పడ్డాయి. 154 ఫందాలు అప్పుడెంత వస్తాయో పెద్దమ్మడు లెక్కకట్టి చెబుతుంది. 77 సెంటీమీటర్లు! పదింటికి రెండే ఫందాల తేడా, చుట్టూ తిరిగేసరికి ఏడు సెంటీమీటర్లు. స్వెటర్ కాదు, బియ్యం బస్తా.

మొత్తం విప్పేశాను. విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది, అలాగే అల్లితే పని ఎగుడుదిగుడుగా వస్తుంది. అందుకని కుర్చీ వీపుకి చుట్టి, చిలపలుగా, అంటే చుట్టలుగా కట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి నీడన వేలాడదీశాను. ఆరేసరికి వంకర్లు పోయాయి. ఈసారి 8 నంబరు సూదులు మాని 9 పట్టుకున్నాను. మా పాత సూదులకి నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 అంటే 4 మిల్లీమీటర్లు, 9 అంటే 3.75. మీ కెనడా దుకాణాల్లో అమెరికా నంబర్లు కనిపిస్తాయి, అక్కడ లెక్క తలకిందులు, నంబరు పెరిగితే సూది లావవుతుంది. కొనేటప్పుడు మిల్లీమీటర్లే చూడమని అమ్మతో చెప్పండి. ఇప్పుడు ఒళ్ళు సరిగ్గా వచ్చింది. చేతులు రెండూ ఒకే సూది మీద, రెండు ఉండలతో పక్కపక్కనే అల్లుతున్నాను. విడివిడిగా అల్లితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అవుతుంది, లేదా ఒకటి అయ్యాక రెండోదాని మీద విసుగొచ్చి మళ్ళీ పెట్టెలోకి పోతుంది.

ఉతికేటప్పుడు జాగ్రత్త. ఇది అసలు ఉన్ని. ఉన్ని వెంట్రుక మీద చేపకున్నట్టు పొలుసులుంటాయి. వేడినీళ్ళలో వేసి గిరగిరా తిప్పితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని మళ్ళీ విడిపోవు. మీ మామయ్య చిన్నప్పటి స్వెటర్ అలాగే బొమ్మకి సరిపోయేంత అయింది. చన్నీళ్ళలో చేత్తో పిండకుండా ఉతికి, పరిచి ఆరేయాలి.

ఇక పరికిణీ. ఇది మిషన్ మీద పని. గుమ్మం పక్కనుండే నల్ల ఉషా మిషన్ మీకు గుర్తుండే ఉంటుంది, దాని చక్రంలో చిన్నోడు వేలు పెట్టబోతే నేను అరిచాను కూడా. పోయినసారి వచ్చినప్పుడు పెద్దమ్మడు మంచి ప్రశ్న వేసింది. కిందిదారం చుట్టిన బాబిన్ పెట్టెలో మూసి ఉంది, పైదారం దానితో ఎలా ముడిపడుతుంది అని. అప్పుడు పప్పు మాడుతోందని దాటేశాను, ఇప్పుడు చెబుతాను. చేతి సూదికి బెజ్జం వెనక ఉంటుంది, మిషన్ సూదికి మొన దగ్గర. సూది దారంతో సహా కిందికి దిగి, కాస్త పైకి లేచేసరికి దారం వెనక చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికి కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చుని పట్టి, పెద్దది చేసి, బాబిన్ మొత్తానికి చుట్టూ తిప్పేస్తుంది. అంటే కిందిదారం ఎక్కడికీ వెళ్ళదు, పైదారమే బాబిన్ చుట్టూ ప్రదక్షిణం చేసి వస్తుంది. రెండూ గుడ్డ మధ్యలో మెలిక పడతాయి. మొన దగ్గర బెజ్జమున్న సూదితో ఇలా కుట్టే మిషన్‌కి 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్నాడు, సింగర్‌కి 1851లో వచ్చింది. యంత్రాలంటే అంత గిట్టని గాంధీగారు కూడా కుట్టుమిషన్‌ని మాత్రం వెనకేసుకొచ్చారు.

కింద దారం పిచ్చుకగూడులా చిక్కుపడితే అందరూ బాబిన్‌ని తిడతారు. తప్పు చాలాసార్లు పైదారానిది. గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే, బిగువునిచ్చే బిళ్ళల మధ్యకి దారం దూరదు. పాదం ఎత్తి ఎక్కించాలి. ఈ ఒక్క ముక్క నాకు ఎవరూ చెప్పక ఎన్ని జాకెట్లు పాడుచేశానో.

పరికిణీకి నడుము 25 అంగుళాలు, గుడ్డ 75. అంగుళం కుచ్చి పైకి కనిపించాలంటే రెండంగుళాలు లోపల మడతలోకి పోవాలి, అందుకే మూడు రెట్లు. కింద అంచుకి పైన అంగుళం లోతున రెండు టక్కులు వేస్తాను. ఒక్కో టక్కులో రెండంగుళాల పొడవు దాగుంటుంది. నువ్వు పొడుగైన ఏడాది ఒకటి విప్పుకోవచ్చు. విప్పిన చోట గుడ్డ ముదురు రంగులో గీతలా కనబడుతుంది. మా చిన్నప్పుడు ఆ గీతలు చూసి ఎవరెంత ఎదిగారో చెప్పుకునేవాళ్ళం. చెల్లెళ్ళకి అక్కల గీతలు కూడా వచ్చేవి.

లేసు మన నరసాపురం సొత్తు. 19వ శతాబ్దంలో మిషనరీల ఇళ్ళ ఆడవాళ్ళు నేర్పారంటారు, తర్వాత మన పల్లెల్లో ఇంటింటికీ పాకింది. స్వెటర్‌కి ఫందాలన్నీ సూది మీదే కూర్చుంటాయి, లేసుకి కొక్కెం ఉన్న ఒకే సూది, దాని మీద చాలాసేపు ఒకే ఫందా. జారితే ఒక్కటే జారుతుంది, అందుకే బస్సులో కూడా అల్లుకోవచ్చు. పువ్వులు ఒకరు అల్లితే, వాటిని కలిపే అతుకు పని ఇంకొకరిది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సొత్తేనన్న భౌగోళిక గుర్తింపు, వచ్చిందని పేపర్లో చదివి సంబరపడ్డాను. మా వీధిలో అల్లేవాళ్ళ చేతికొచ్చే కూలీ చూస్తే ఆ సంబరం సగమైపోతుంది. నాది అమ్మకానికి కాదు, పరికిణీ మీది జాకెట్టు మెడకి. ఇంకా తొమ్మిది పువ్వులు కావాలి, వారానికి ఒకటి చొప్పున.

బొంత మా అమ్మ నేతచీరలది. నాలుగు పొరలు, వాటి మధ్య నిలిచే గాలే వెచ్చదనం. దీన్ని మాత్రం తొందరపెట్టను. రోజుకి రెండు వరసలు, చీకటిపడే లోపల. సూదిలో దారం తాతయ్యే ఎక్కిస్తున్నారు, ఆయనకి కంటి ఆపరేషన్ అయ్యాక నాకంటే బాగా కనబడుతోంది.

ఇప్పుడు నాకో పని చేసిపెట్టండి. చిన్నోడికి చంక నుంచి మణికట్టు దాకా, మణికట్టు చుట్టూ, పెద్దమ్మడికి నడుము నుంచి చీలమండ దాకా కొలతలు సెంటీమీటర్లలో రాసి పంపండి. టేపు బిగించి పట్టొద్దు, ఒక వేలు దూరేలా ఉండాలి. చిన్నోడా, కొలిచేటప్పుడు మునివేళ్ళ మీద లేవకు, అక్క కంటే పొడుగని చూపించుకోవడానికి నువ్వు అలా చేస్తావని నాకు తెలుసు.

ఇట్లు,
మీ అమ్మమ్మ