కౌజు పిట్టల లెక్క వానకే తెలుసు

అక్టోబరు మొదటివారం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరం దాటి గంటన్నర వచ్చాం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. మా పక్కింటి పెద్దాయన మట్టిరోడ్డు పక్కన బండి ఆపి, లైట్లు ఆర్పి, అద్దాలు దించేశాడు. వెనక సీట్లో ఆయన కుక్క కూడా కిక్కురుమనలేదు. పది నిమిషాలు అలా కూర్చున్నాక ఎండిన వాగు అవతల పొదల్లోంచి కౌజు పిట్ట కూత వినబడింది: చి-కా-గో-గో. కాసేపటికి ఇంకోవైపు నుంచి జవాబు. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రెండు గీతలు గీశాడు. ఆ రోజు తుపాకీ ఇంట్లోనే ఉంది. ఉత్త చెవులతో వెతకడానికే వచ్చాడు.

వేట మొదలవ్వకముందే వెళ్లి పిట్టల జాడ చూసుకోవడాన్ని ఇక్కడివాళ్లు స్కౌటింగ్ అంటారు. అరిజోనాలో ఈ వేట అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి తొలిరోజుల దాకా సాగుతుంది. లైసెన్సు ఉన్న మనిషి రోజుకు 15 పిట్టల దాకా కొట్టుకోవచ్చు. నేను వేటాడను, నాకు ఇష్టం లేదు. అయినా ఏటా ఆయన వెంట నడుస్తాను. ఎందుకంటే ఈ ఎడారిని ఆయన చదివినట్టు చదవగలిగినవాళ్లు నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

ఆ పిట్ట పేరు గాంబెల్ కౌజు. 1840ల్లో ఈ ప్రాంతాలన్నీ తిరిగి పక్షుల్ని సేకరించిన విలియం గాంబెల్ అనే కుర్ర శాస్త్రవేత్త పేరు పెట్టారు. ఆయన 1849లో టైఫాయిడ్ వచ్చి పోయాడు, అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. పిట్ట బరువు 170 గ్రాములు, అటూ ఇటూ. నెత్తి మీద ముందుకు వంగిన నల్లటి తురాయి ఒకటి, నడుస్తుంటే ఊగుతూ ఉంటుంది. మగదానికి ముఖం నల్లగా, మాడు ఇటుక రంగులో, పొట్ట మీద నల్లటి మచ్చ. మన ఊళ్లలో చేల గట్ల మీద బుర్రుమని లేచే కౌజు పిట్టని చూసినవాళ్లు దీన్ని ఒక్క చూపులో పోల్చుకోలేరు గానీ, అది పొదలోకి పరిగెత్తే తీరు చూస్తే వెంటనే చుట్టరికం కలుపుతారు.

తెల్లారాక వాగులోకి దిగాం. వాగంటే నీళ్లుండవు, ఏడాదిలో కొన్ని గంటలు మాత్రమే పారే ఇసుక దారి. గాలి లేని ఉదయం ఆ ఇసుక పలక లాంటిది, రాత్రంతా ఎవరెవరు తిరిగారో రాసి ఉంటుంది. మూడు వేళ్లు ముందుకి చాపిన చిన్న చిన్న అడుగులు, ఒకదాని వెనక ఒకటి, తాడు పరిచినట్టు. అంచులు ఇంకా రాలిపోలేదంటే ఆ పూటవే. పొద నీడలో గిన్నె ఆకారంలో చిన్న గుంటలు కనిపించాయి, అక్కడక్కడా ఈక ముక్కలు. పిట్టలు మట్టిస్నానం చేసిన చోటు అది. పైన మెస్కీట్ చెట్టు. దాని గుబురు కొమ్మల కింద తెల్లటి రెట్టలు కుప్పగా పడి ఉన్నాయి. ఈ పిట్టలు నేల మీద మేసినా రాత్రి పడక మాత్రం కొమ్మల మీదే. రెట్టల కుప్ప ఉందంటే ఒక గుంపు అక్కడ మకాం ఉన్నట్టే.

మెస్కీట్ అంటే మనకి పరాయిది కాదు. మన చెరువు గట్ల నిండా పెరిగిన సర్కారు తుమ్మకి ఇది దగ్గరి చుట్టం. అదే ముల్లు, అవే తియ్యటి కాయలు. ఇది ఇక్కడ పుట్టిన చెట్టు, మన దగ్గర పెరిగేది ఈ అమెరికా ఖండాల నుంచే తెచ్చి నాటింది.

ఇవన్నీ పిట్టలు ఎక్కడున్నాయో చెబుతాయి. ఎన్ని ఉన్నాయన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఆ ఉదయం నేల మీద లేదు. పెద్దాయన ఫిబ్రవరిలోనే చెప్పాడు, ఈ ఏడు పిట్ట బాగుంటుందని. అప్పటికి గుడ్డు కూడా పెట్టలేదు!

ఇక్కడి ఈ సొనోరా ఎడారికి రెండు వానకాలాలు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములతో కుండపోత, వాగులు పొంగి గంటలో ఎండిపోతాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా పసిఫిక్ వైపు నుంచి వచ్చే ముసురు, సన్నగా పడుతూ నేలలోకి ఇంకుతుంది. చూడ్డానికి వేసవి వానే గొప్పగా ఉంటుంది. కానీ గాంబెల్ కౌజు బతుకు ఆ చలికాలపు ముసురు మీద ఆధారపడి ఉంది. అక్టోబరు నుంచి మార్చి లోపల వాన బాగా పడితే వసంతంలో పిట్ట జతకడుతుంది, పదీ పన్నెండు గుడ్లు పెడుతుంది, మూడు వారాలు పొదుగుతుంది. వాన మొహం చాటేస్తే గుంపు గుంపుగానే ఉండిపోతుంది. చాలా పిట్టలు జత కూడా కట్టవు.

ఇది వేటగాళ్ల నమ్మకం మాత్రమే కాదు. అరిజోనాలో వెండెల్ స్వాంక్, స్టీవ్ గాలిజియోలి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేట జరిగే చోట్లనీ, జరగని చోట్లనీ పోల్చి చూసి 1954లో ఫలితాలు అచ్చువేశారు. పిట్టల సంఖ్య పెరిగినా తరిగినా దానికి కారణం చలికాలపు వాన, తుపాకీ కాదు అని తేల్చారు. మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. చంపితే తగ్గవా? అసలు విషయం ఏమిటంటే, ఈ పిట్టల్లో సగానికి పైగా ఏడాది తిరిగేలోపు ఎలాగూ పోతాయి. డేగలు, నక్కజాతి కయోటీలు, పాములు, ఎండ, ఆకలి. వేటగాడు పరిమితిలో తీసుకునేది ఆ పోయేవాటిలోంచే చాలావరకు. మళ్లీ నింపేది గుడ్లు, ఆ గుడ్లకి మూలం వాన. అయితే ఈ మాట ఇక్కడి విశాలమైన ఎడారికి, లెక్కలు చూసే శాఖ ఉన్న చోటుకి వర్తిస్తుంది. దీన్ని పట్టుకుని ఎక్కడైనా ఎంతైనా కొట్టొచ్చు అనుకుంటే ఘోరమైన తప్పు. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అడవి కౌజుల వేట నేరం, మన దగ్గర హోటళ్లకి రావాల్సింది ఫారాల్లో పెంచిన జపాన్ కౌజులే.

వాన నేరుగా గుడ్డు పెట్టించదు కదా, మధ్యలో ఏముంది? నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. మధ్యలో ఉన్నది పచ్చి ఆకు. ముసురు పడ్డాక ఎడారి నేల మీద చిన్న చిన్న మొక్కలు మొలుస్తాయి, రెండు మూడు నెలలు బతికి గింజలు రాల్చి చచ్చిపోతాయి. పిట్టలు ఏడాదంతా గింజలు తిని బతికినా, చలికాలం చివర ఈ లేత ఆకుల్ని విడవకుండా తింటాయి. ఆకుల్లో విటమిన్ ఎ తయారీకి కావాల్సిన సరుకు ఉంటుంది. అది పిట్ట కాలేయంలో నిల్వ అవుతుంది. 1964లో హంగర్‌ఫోర్డ్ అనే పరిశోధకుడు ఈ నిల్వకీ పిల్లల సంఖ్యకీ ఉన్న లంకెను చూపించాడు. పచ్చదనం బాగా ఉన్న ఏడు కాలేయాలు నిండుగా ఉన్నాయి, పిల్లలూ దండిగా పుట్టాయి.

ఇంకో పన్నెండేళ్లకి మరో ముడి విడింది. కాలిఫోర్నియా కౌజుల మీద పనిచేసిన స్టార్కర్ లియోపోల్డ్ బృందం 1976లో సైన్స్ పత్రికలో ఒక చిత్రమైన సంగతి రాసింది. వాన చాలక గిడసబారిన మొక్కల ఆకుల్లో ఆడ హార్మోను ఈస్ట్రోజెన్‌ని పోలిన పదార్థాలు చేరతాయి. వాటిని తిన్న పిట్టల్లో గుడ్లు పెట్టడం మందగిస్తుంది. వానలు బాగా పడి ఏపుగా ఎదిగిన మొక్కల్లో అవి దాదాపు ఉండవు. అంటే ఈ ఏడు పిల్లల్ని పెట్టకు, తిండి దొరకదు అని ఆ మొక్కే పిట్టకి కబురు పంపుతోందా అనిపిస్తుంది. అసలు కారణం ఇదొక్కటే అని అందరూ ఒప్పుకోలేదు, వేరే కౌజుల మీద చేసిన ప్రయోగాల్లో ప్రభావం ఇంత స్పష్టంగా రాలేదు. విటమినా, హార్మోనా, ఉత్త తిండి బలమా, బహుశా మూడూ కలిసే పనిచేస్తాయేమో. దారి ఏదైనా అది ఆకు మీదుగానే పోతుంది.

అందుకే రాష్ట్ర వన్యప్రాణి శాఖ వాళ్లు ఏప్రిల్‌లో పొద్దున్నే నిర్ణయించిన దారుల్లో వెళ్లి మగ పిట్టల కూతలు లెక్కపెడతారు. అప్పటి కూత చి-కా-గో-గో కాదు, జత కోసం వేసే ఒంటి కేక. కూతలు ఎక్కువైతే ఆ శీతాకాలం వేట బాగుంటుంది. ఏ ఏడుకి ఆ ఏడు చూసుకోవాల్సిందే. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికి తెలుసు అని మన పెద్దలు అన్నారు. ఇక్కడ రెండూ ఒకే ముడికి కట్టి ఉన్నాయి.

నవంబరులో అసలు వేటకి వెళ్లినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. గాంబెల్ కౌజు సులువుగా ఎగరదు, పరిగెడుతుంది. గుంపు కనిపించగానే పెద్దాయన కూడా పరుగందుకున్నాడు. వాటిని చెదరగొట్టి గాల్లోకి లేపితేనే విడివిడిగా వాలతాయి, ఒంటరి పిట్ట పొదలో కదలకుండా నక్కుతుంది. కుక్క అప్పుడు పనికొస్తుంది. ఎండిన నేల మీద వాసన నిలవదు, ముందురోజు చినుకు పడి ఉంటే కుక్కకి పని తేలిక. ఆ రోజు కుక్క కాలికి చోయా అనే కాక్టస్ ముక్క అతుక్కుంది. దాని ముళ్లకి కొనల్లో సూక్ష్మమైన కొక్కేలుంటాయి, చేత్తో లాగితే చేతికి గుచ్చుకుంటాయి. ఆయన జేబులోంచి మామూలు తల దువ్వుకునే దువ్వెన తీసి, ముక్క కింద పెట్టి ఒక్క విసురు విసిరాడు. అది ఎగిరి అవతల పడింది. మిగిలిన ముళ్లు పటకారుతో ఒక్కొక్కటే తీశాడు, కుక్క ఆయన మోకాలి మీద తల పెట్టుకుని పడుకుంది.

మధ్యాహ్నం ఒక చెదిరిన గుంపు మళ్లీ పిలుచుకోవడం మొదలెట్టింది. నాలుగు దిక్కుల నుంచి చి-కా-గో-గో. ఆయన తుపాకీ మడిచేశాడు. "చాలు, రాత్రి చలికి ఒకచోట చేరాలి కదా అవి," అన్నాడు. నీటిగుంటల దగ్గర కూడా ఆయన కాపు కాయడు. జంతువులకి అడ్డమయ్యేలా నీళ్లకి పావు మైలు లోపల గుడారం వేయకూడదని ఇక్కడ చట్టమే ఉంది.

కొట్టిన నాలుగు పిట్టల్నీ బండి వెనక తలుపు మీద పరిచి నన్ను పిలిచాడు. ఒక రెక్క విప్పాడు. పెద్ద ఈకల మొదళ్లని కప్పుతూ ఒక వరస చిన్న ఈకలున్నాయి. మూడు పిట్టలకి ఆ చిన్న ఈకల కొసలు లేత గోధుమరంగు చుక్క పెట్టినట్టున్నాయి, ఒకదానికి మాత్రం కొస దాకా ఒకే బూడిదరంగు. చుక్క ఉన్నది ఈ ఏటి పిల్ల, లేనిది పెద్దది. మూడుకి ఒకటి. నాలుగు పిట్టలతో లెక్క తేలదు, కానీ వందల రెక్కలు ఒకచోట చేరితే ఆ ఏడు ఎన్ని పిల్లలు బతికాయో తెలిసిపోతుంది. తర్వాత ఒక పిట్ట మెడ కింది మేతసంచిని కోసి చూపించాడు. మెస్కీట్ గింజలు, చిక్కుడు జాతి చిన్న గింజలు, ఒకే ఒక్క పచ్చి ఆకు తునక.

జనవరిలో మళ్లీ అదే వాగుకి వెళ్లాం, ఈసారి కుక్క కూడా లేదు. రెండు రోజులు ముసురు పట్టి విడిచింది. ఆయన మెస్కీట్ కింద మోకాళ్ల మీద కూర్చుని ఫిలరీ అనే మొక్క గింజ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. ఎండినప్పుడు స్క్రూలా మెలిపెట్టుకుని ఉండే దాని తోక, నా చేతి తడికి మెల్లగా విప్పుకుంటూ తిరగడం మొదలెట్టింది. తడి తగిలినప్పుడల్లా అలా తిరిగి గింజని నేలలోకి దించుకుంటుందట. చుట్టూ చూస్తే అప్పటికే కొన్ని దిగిపోయాయి. గోరంత ఆకులు, జంటలు జంటలుగా, ఇసుక మీద పచ్చగా లేస్తున్నాయి. ఆయన చిన్న పుస్తకం తీసి తేదీ రాసి, పక్కన వాన ఎంత పడిందో రాసుకున్నాడు.