మూడు చుక్కల పేరు

పర్లాకిమిడి, ఒడిశా,
మార్గశిర లక్ష్మివారం (గురువారం).

చిరంజీవి బాబీకి, వాడితోపాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "తాతా, చెల్లి పేరు నాన్న ఒకలా రాస్తున్నాడు, అమ్మ ఒకలా రాస్తోంది, అత్త హైదరాబాదు నుంచి ఇంకోలా రాసి పంపింది. మూడింట్లో చెల్లి పేరు ఏది? ఎలా పిలిస్తే పలుకుతుంది?" అన్నావు. రాత్రంతా అదే మనసులో తిరిగింది. పొద్దున్నే మీ మామ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే అరుగుమీద కూర్చుని చూశాను. నీకు చెప్పాల్సిన మాట అక్కడ దొరికింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తెలుగు చదవడం నీకు ఇంకా కాస్త నెమ్మదే అని తెలుసు. అర్థం కానిచోట ఆగి అమ్మనడుగు.

మామ్మ ముగ్గును ఎన్నోసార్లు చూశావు కానీ, అది వేసే వరస గమనించావా? కళ్లాపి చల్లిన నేలమీద ముందు చుక్కలు పెడుతుంది. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా. చుక్కలు కుదిరాకనే గీత మొదలవుతుంది. ఆ గీత ఒక్కొక్కరి చేతిలో ఒక్కోలా తిరుగుతుంది. అవే చుక్కలకు మీ మామ్మ పద్మం వేస్తుంది, ఎదురింటి పిన్ని మెలికల ముగ్గు వేస్తుంది.

పేరు కూడా అలాంటిదే అనుకో. నోటితో పలికే చప్పుళ్లు చుక్కలు. కాగితం మీద వాటి చుట్టూ తిప్పే అక్షరాలు గీత. చెల్లికి పెట్టబోయే పేరు వసంత. మూడు చుక్కలు: వ, సం, త. తెలుగులో రాస్తే చుక్కకొక అక్షరం పడుతుంది, తిప్పడానికి ఏమీ ఉండదు. నాన్న, అమ్మ, అత్త ముగ్గురూ తెలుగులో మాత్రం ఒకేలా రాశారు, చూశావా? తేడా అంతా ఇంగ్లీషు దగ్గరే వచ్చింది. ఇంగ్లీషుకున్నవి 26 అక్షరాలు. మన త, థ, ట, ఠ నాలుగూ అక్కడికి వెళ్లి ఒక్క 'టీ' గుమ్మం ముందే నిలబడాలి. నలుగురూ ఒకే గుమ్మంలోంచి వెళ్తే లోపలివాళ్లకు ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?

అందుకని ఎవరికి తోచిన గుర్తు వాళ్లు పెట్టుకున్నారు. ఒట్టి 'టీ' రాస్తే మన తెలుగువాళ్లు 'వసంట' అని చదువుతారేమోనని నాన్న పక్కన 'హెచ్' చేర్చాడు. లలిత, గీత, సీత అన్న పేర్లన్నిటికీ మనవాళ్లు అలాగే చేరుస్తారు. అమ్మ ఒడియా బడిలో చదువుకుంది. అక్కడ 'హెచ్' కనిపిస్తే ఒత్తు పలుకుతారు, 'వసంథ' అంటారు. అందుకని అమ్మ 'హెచ్' తీసేసింది. చూడ్డానికి ఇద్దరూ పోట్లాడుకుంటున్నట్టుంది కానీ, ఇద్దరూ కాపాడాలనుకుంటున్నది ఒక్క 'త'నే. ఆ 'త' చుట్టూ నాన్న గీత ఎడమ నుంచి తిరిగింది, అమ్మ గీత కుడి నుంచి తిరిగింది.

అత్త రాసినదాని సంగతి వేరు. ఆమె 'ఎస్' రెండు పెట్టింది, చివర 'ఎ' రెండు పెట్టింది. ఎవరో పేరు లెక్క కట్టి చెప్పారట. ఈ లెక్క నువ్వు కూడా చేయగలవు, కాగితం తీసుకో. ఇంగ్లీషు అక్షరాలకు అంకెలిచ్చి కూడతారు. వచ్చినదాన్ని మళ్లీ కూడి ఒక్క అంకె చేస్తారు. ఒక పద్ధతిలో నాన్న రాసిన పేరుకు 26 వస్తుంది. రెండూ ఆరూ ఎనిమిది. ఎనిమిది శని అంకె అని భయపెడతారు. ఒక 'ఎస్', ఒక 'ఎ' చేరిస్తే 30 అవుతుంది, అంటే మూడు. మూడు గురువు అంకె, మంచిది అంటారు. కానీ ఇంకో పద్ధతి ఉంది. అందులో 'ఎ'కి ఒకటి నుంచి 'ఐ'కి తొమ్మిది దాకా వరసగా ఇచ్చి, మళ్లీ 'జె' నుంచి ఒకటి మొదలుపెడతారు. ఆ పద్ధతిలో నాన్న రాసిన అదే పేరుకు 23 వస్తుంది, అంటే అయిదు. పేరు ఒకటే, పిల్ల ఒకతే, ఒక లెక్కలో ఎనిమిది, ఇంకో లెక్కలో అయిదు. రెండో లెక్క నువ్వే చేసి చూసుకో.

అత్తను ఏమీ అనకు. ఆమెకు చెల్లి మీద ఉన్నది ప్రేమే, ఆ ప్రేమలోనే కాస్త టెన్షన్ పడింది. అయినా నాకు తోచినది దాచను. తల్లిదండ్రులు ముచ్చటపడి పేరును కొత్తగా రాసుకుంటే నాకు సంతోషమే. క్లాసులో నలుగురు శ్రావణిలు ఉంటే, మా అమ్మాయి విడిగా కనబడాలని ఒక అక్షరం మార్చుకుంటే తప్పేముంది? భయంతో చేర్చిన అక్షరాన్ని చూస్తేనే మనసు ఒప్పదు. ఆ పిల్ల బతుకంతా ఆ భయాన్ని సంతకంలో మోయాలి కదా.

నా పేరు సంగతి చెప్తాను. ఆరేళ్లప్పుడు మా అమ్మ నన్ను ఒడియా బడిలో చేర్పించింది. నా పేరు వాసుదేవరావు, ఇంట్లో వాసు. పంతులుగారు హాజరు పిలుస్తూ "బాసుదేబొ" అన్నారు. ఒడియాలో మన 'వ' 'బ' అయిపోతుంది, చివరి 'అ' దాదాపు 'ఒ' అవుతుంది. ఇదంతా నాకేం తెలుసు? ఎవరో బాసుదేబొ అనే అబ్బాయి రాలేదనుకుని ముందు వరసలోనే కూర్చుని ఊరుకున్నాను. మూడు రోజులు ఆ అబ్బాయికి గైర్హాజరు పడింది. నాలుగో రోజు పంతులుగారు నా దగ్గరకొచ్చి "నీ పేరేంటి?" అన్నారు. వాసు అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. నా ఎదురుగా చతికిలబడి "మళ్లీ చెప్పు" అన్నారు. పై పళ్లు కింది పెదవికి ఎలా ఆనించాలో నేను చూపించాను. అంత పెద్దాయన నా ముందు కూర్చుని "వా, వా" అని పలకడం ప్రాక్టీసు చేశారు. తర్వాత పలక తీసుకుని ఒడియాలో నా పేరు రాసి, కింద తెలుగులో నన్ను రాయమన్నారు. రెండు లిపుల్లోనూ అక్షరాలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. మనవి తలకట్టు పెట్టుకుని నిలబడ్డాయి, వాళ్లవి గొడుగు పట్టుకుని నిలబడ్డాయి. ఆ రోజు నుంచి బాసుదేబొ అంటే కూడా పలికాను. ఇప్పటికీ బజారులో ఎవరైనా అలా పిలిస్తే ఆయనే గుర్తొస్తారు.

మళ్లీ ముగ్గు దగ్గరకు రా. మీ పక్కింటి ఒడియా వాళ్లు ఇవే లక్ష్మివారాల్లో ఝోటి వేస్తారు కదా. మన ముగ్గు పొడి పిండి, వాళ్లది తడి పిండి. బియ్యం నానబెట్టి రుబ్బి, వేళ్లతో నేలమీద, గోడలమీద వేస్తారు. గుమ్మం నుంచి లోపలిదాకా లక్ష్మీదేవి చిన్ని పాదాలు వేస్తారు. వచ్చే దేవత ఒకతే. మన వసంత వాళ్ల నోట 'బొసొంతొ' అయితే అది తడి పిండితో వేసిన ముగ్గు అనుకో. చుక్క కొంచెం పక్కకు జరిగింది, అంతే. ఒక చిక్కు మాత్రం ఉంది. వాళ్లలో బసంత మగవాళ్ల పేరు, ఆడపిల్లయితే బసంతి. మీ తాతమ్మ పేరు కూడా వసంతే. అంటే మా అమ్మ. రేషను కార్డు మీద ఆమె పేరు ఒడియాలో చూసి, "బసంతబాబు రాలేదా?" అని అడిగేవారు. "నేనేనయ్యా బసంతబాబుని" అని ఆమె సంచీ చాచేది.

ఊళ్ల పేర్లూ ఇంతే. నేను తపాలా శాఖలో చేరినప్పుడు పిన్ కోడ్ ఇంకా కొత్త. 1972 ఆగస్టు 15న మొదలైంది. చాలామందికి రాసే అలవాటు పడలేదు. ఉత్తరాలు విడదీసేటప్పుడు ఊరి స్పెల్లింగే ఆధారం. కొరాపుట్ జిల్లాలో మన జయపురం ఉంది, రాజస్థాన్‌లో జైపూర్ ఉంది. వినడానికి ఎంత దగ్గరో చూడు. ఇంగ్లీషులో మనదాన్ని 'జె-ఇ-వై' అని మొదలుపెట్టి చివర 'పి-ఓ-ఆర్-ఇ' అని రాస్తారు, అక్కడిదాన్ని 'జె-ఎ-ఐ' అని మొదలుపెడతారు. ఆ వింత స్పెల్లింగే మన ఉత్తరాలను వందల మైళ్లు దారి తప్పకుండా కాపాడింది. మీ బరంపురానికీ బెంగాల్లో ఒక జంట ఊరుంది, ఇంగ్లీషులో చివరి రెండు మూడు అక్షరాలే తేడా. కాబట్టి మామూలుగా కాక వేరుగా రాయడం ఊరికే సోకు అని నేను ఎప్పుడూ అనను. ఒక్కోసారి అదే మనిషిని, ఊరినీ గుర్తుపట్టే ఆనవాలు.

మన రాష్ట్రం కూడా స్పెల్లింగు మార్చుకుంది, తెలుసా? 2011 నవంబరు 1 నుంచి ఇంగ్లీషులో 'ఒరిస్సా' పోయి 'ఒడిశా' వచ్చింది. ఒడియావాళ్లు నాలుక మడిచి పలికే ఆ 'డ' ఇంగ్లీషువాళ్ల చెవికి 'ర' లాగా వినబడి అలా రాసేశారు. ఇన్నాళ్లకు గీతను మళ్లీ చుక్క దగ్గరకు తెచ్చారు. నాకు ఆ మార్పు ఎంతో నచ్చింది.

చుక్కను వినడం ఎంత కష్టమో మన ఊళ్లోనే ఒకాయన చూపించారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ బడిలో పాఠాలు చెప్తూ, కొండల మీద ఉండే సవరలనే గిరిజనుల మాట నేర్చుకున్నారు. అప్పటికి ఆ మాటకు రాత లేదు. ఎవరూ కాగితం మీద పెట్టని చప్పుళ్లను విని, రాసి, పుస్తకాలు చేశారు, నిఘంటువు చేశారు. తర్వాత 1936లో సవరల్లోనే మంగెయి గొమాంగో అనే ఆయన తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అని సొంత లిపి తయారుచేశారు. నోట్లో ఆడే ఒక చప్పుడుకు ఒక గుర్తు దొరకడం ఎంత గొప్ప సంగతో ఆలోచించు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దీన్ని ఇంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

ఇప్పుడు మీ నాన్నకు చదివి వినిపించాల్సిన మాట. ఏ స్పెల్లింగు పెట్టినా సరే, అన్ని కాగితాల్లో అదే ఉండాలి. నా బడి సర్టిఫికెట్లో ఇంగ్లీషు పేరు 'బి'తో మొదలైంది, ఉద్యోగం కాగితాల్లో 'వి'తో మొదలైంది. పైగా ఒకచోట ఇంటిపేరు ముందుంది, ఇంకోచోట ఒడియా పద్ధతిలో వెనక్కి వెళ్లింది. రిటైరయ్యాక డబ్బు చేతికి రావాల్సిన సమయంలో ఒక ఆఫీసులో ఎనిమిది నెలలు తిప్పారు. చివరకు స్టాంపు కాగితం మీద "ఈ ఇద్దరూ నేనే" అని రాసిచ్చాను. అది రాస్తుంటే చెయ్యి వణికింది. అప్పుడు మామ్మకు ఒంట్లో బాగోలేదు, మందులకు ఆ డబ్బే కావాలి.

చెల్లికి అలా జరగకూడదు. పుట్టిన 21 రోజుల్లో పుట్టుకను నమోదు చేయించాలి, దానికి రుసుము లేదు. మన బారసాల కూడా 21వ రోజే చేస్తున్నారు, ఒడియావాళ్లు అదే రోజు చేసే పేరు పండుగకు ఏకోయిశియా అని పేరు. నమోదు చేసేనాటికి పేరు తేలకపోతే కంగారు పడొద్దని చెప్పు. పేరు ఖాళీగా ఉంచి నమోదు చేయించవచ్చు, పన్నెండు నెలల్లోపు ఉచితంగా చేర్పించవచ్చు, తర్వాత కూడా రుసుము కట్టి 15 ఏళ్ల దాకా అవకాశం ఉంది. కానీ 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికీ, ఆధార్‌కూ, ఓటుకూ, పెళ్లి రిజిస్ట్రేషనుకూ అన్నిటికీ ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఎలా పడితే అలాగే నడుస్తుంది. కాబట్టి ముగ్గురూ ఒకచోట కూర్చుని, ముందు తెలుగులో వసంత అని పెద్దగా రాసుకోమను. తర్వాత ఇంగ్లీషులో ఏది రాసినా, చెల్లిని ఎరగని మనిషి చేత చదివించమను. వాళ్ల నోట వసంత అని వస్తే అదే ఉంచుకోమను. 'హెచ్' ఉండాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. నాకు ఉంటేనే బాగుంటుంది, మా అమ్మ పేరు కదా.

ఎలా పిలిస్తే చెల్లి పలుకుతుంది అన్నావు కదా. ఆమెకు ఇంకా ఏ అక్షరాలూ తెలియవు. నాలుగైదు నెలలు వచ్చేసరికి, మన మాటలన్నిటిలోంచి తన పేరు చప్పుడును ఏరుకుంటుంది. అంటే ఉగాది నాటికి. ఈలోగా నువ్వు రెండు పనులు చెయ్యి. వచ్చే లక్ష్మివారం తెల్లవారుజామున లేచి అమ్మ ముగ్గు వేసేటప్పుడు చుక్కలు లెక్కపెట్టు, పక్కింటికి వెళ్లి ఝోటి పాదాలు చూడు. రెండోది, రోజూ ఉయ్యాల దగ్గర కూర్చుని ఆమె పేరు పిలువు, నెమ్మదిగా, మూడు చుక్కలూ విడివిడిగా వినబడేట్టు.

ఉగాదికి నేను వస్తాను. ఆమె ఏ రోజు మొదటిసారి నీవైపు తల తిప్పిందో తారీకు రాసి ఉంచు.

మీ తాత