ధైర్యం చెబితే ఓసీడీ తగ్గుతుందా? ఎక్స్‌పోజర్ థెరపీపై అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న నాకు ఓసీడీ (వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, ఆ భయం తగ్గడానికి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం అనే మానసిక సమస్య) ఉన్నవారి కుటుంబ సభ్యుల నుంచి తరచుగా వినిపించే మాట ఒకటుంది: "అడిగిన ప్రతిసారీ ఏమీ కాదని ఓపికగా చెబుతూనే ఉన్నామండీ, అయినా తగ్గడం లేదు." అలా చెబుతూ ఉంటే తగ్గుతుందన్నదే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ. అనుమానం వచ్చినప్పుడల్లా మనం ఇచ్చే భరోసా కూడా, పదేపదే చేతులు కడుక్కోవడం లాగానే, ఒక కంపల్షన్‌గా, అంటే ఆందోళన తగ్గడానికి చేయక తప్పదనిపించే పనిగా, మారిపోతుంది. ఆ క్షణానికి ఆందోళన తగ్గుతుంది. అడగబట్టే గండం గడిచిందని మెదడు నేర్చుకుంటుంది. కాసేపటికే అనుమానం మళ్ళీ తలెత్తుతుంది.

కావలి వైపు నుంచి వచ్చిన ఒక ఉద్యోగిని (గుర్తుపట్టే వివరాలు మార్చాను) గ్యాస్ రెగ్యులేటర్ కట్టేశానో లేదో అన్న భయంతో బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవారు. భర్త ప్రేమకొద్దీ రోజూ రెగ్యులేటర్‌ను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపసాగారు. కొన్నాళ్ళకు ఫోటో చాలక వీడియో కావలసి వచ్చింది, ఆ తర్వాత అది ఈరోజు తీసిందేనా అన్న అనుమానం మొదలైంది. ఎక్స్‌పోజర్ థెరపీలో, అంటే భయపెట్టే పరిస్థితిని మెట్టు మెట్టుగా ఎదుర్కొంటూ కంపల్షన్‌ను మానుకునే చికిత్సలో, ఆమె అంగీకారంతోనే తేలికైన మెట్టు నుంచి ప్రారంభించాము: ఫ్యాను స్విచ్ ఒక్కసారి ఆపి, తిరిగి చూడకుండా గది దాటి రావడం. రెగ్యులేటర్ వంతు వచ్చిన రోజు ఆమె నా గదిలో ఫోను బోర్లా పెట్టి, కొంగు వేలికి చుట్టుకుంటూ చాలాసేపు కూర్చుని, "భయం ఇంకా ఉంది గానీ, చూడాలన్న తొందర తగ్గింది" అన్నారు. మేము కోరుకున్నదీ అదే. "నీకు కష్టంగా ఉందని తెలుసు, పక్కనే ఉంటాను, కానీ ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పను" అనడం భర్త నేర్చుకున్నారు.

1966లో లండన్‌లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ ఇద్దరు రోగుల చికిత్సను వివరించిన నాటి నుంచీ ఈ పద్ధతికి ప్రాణం భయపడే వస్తువును తాకించడంలో మాత్రమే లేదు, తాకిన తర్వాత చేతులు కడుక్కోవడం వంటి కంపల్షన్‌ను ఆపడంలో ఉంది. అదీ రోగి ఒప్పుకున్న క్రమంలోనే జరగాలి. ఎవరో చెప్పారని ఇంట్లో మోటారు ఆపేసి, బాత్రూముకు తాళం వేసి, దానినే ఎక్స్‌పోజర్ అనేవారు రోగిని చికిత్సకు మరింత దూరం చేస్తున్నారు.

మిగతా అపోహలకు క్లుప్తంగా జవాబిస్తాను. ఇది చాదస్తం కాదు, గ్రహదోషమూ కాదు. బిడ్డకు హాని చేస్తానేమో అన్న ఆలోచన ఓసీడీ వల్ల పదేపదే వచ్చి వణికిపోయే తల్లికి అది కోరిక కాదు. తన మనసుకు అంత విరుద్ధం కనుకనే ఆమె అంతగా భయపడుతుంది, దయచేసి ఆమెను నిందించకండి. ఓసీడీకి వాడే ఎస్ఎస్ఆర్ఐ (డిప్రెషన్‌కూ వాడే ఒక రకం) మందులు మత్తుమందుల్లా వ్యసనంగా మారవు. ప్రభావం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు, వాటిని సొంతంగా, హఠాత్తుగా ఆపకూడదు.

ఇది చదివి ఈ రాత్రి నుంచే జవాబులన్నీ ఆపేయకండి. ముందుగా రోగితో కూర్చుని, ఏ ప్రశ్నకు జవాబు మానేయాలో ఇద్దరూ కలిసి ఒకటి ఎంచుకొని, థెరపిస్టుకు చెప్పండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.