దంపుడు పాట వరసలో హారతి పాడితే తప్పా?

మర్రిపాలెంలో హార్మోనియం నేర్పుతాను. భజన బృందాలవాళ్లూ వస్తారు, చర్చి క్వయర్ పిల్లలూ వస్తారు. అందరూ భయపడుతూ అడిగేది ఒకటే: "మాస్టారూ, ఇది పొలం పాట వరసట కదా, దేవుడి దగ్గర పాడొచ్చా?" ఎవరో వాట్సాప్‌లో అపచారం అని పెడతారు. నమ్మినవాళ్లు పాటే మానేస్తారు.

పాడొచ్చు, నిక్షేపంగా. సువ్వి, లాలి, ఏల, జాజర... జనం పాడుకునే ఈ తీరుల్లోనే అన్నమయ్య పదాలు కట్టాడు. ముత్తుస్వామి దీక్షితుల 'సంతతం పాహిమాం' పాడి చూడండి, బ్రిటన్ జాతీయ గీతం వరస వినిపిస్తుంది. హాస్లర్ అనే స్వరకర్త 1601లో అచ్చువేసిన జర్మన్ ప్రేమపాట వరస తర్వాత సిలువ శ్రమల కీర్తనకు కుదిరింది. జర్మన్ స్వరకర్త బాఖ్ దాన్ని మత్తయి సువార్త శ్రమల సంగీతంలో 5 సార్లు వాడాడు. ఇంగ్లిష్ స్వరకర్త వాన్ విలియమ్స్ 1903లో ఇంగ్లండు పల్లెలో ఒక పాలేరు పాట రాసుకుని, 1906లో వచ్చిన ఇంగ్లిష్ హిమ్నల్ అనే కీర్తనల పుస్తకంలో దాని వరసను బేత్లెహేము క్రిస్మస్ పాటకు ఇచ్చాడు.

పెందుర్తి నుంచి వచ్చే ఒకావిడ అత్తగారి మంగళహారతి పాడటం మానేశారు. అది దంపుడు పాట వరసని చుట్టాలెవరో అన్నారట. ఇంట్లో ఇంకెవరికీ ఆ పాట రాదు. ముందు రోకటి పోటు నడకలోనే వాయించాను. తర్వాత కాలం తగ్గించి, పోటు పడే అక్షరం దగ్గర పంచమాన్ని (ప స్వరాన్ని) కాస్త నిలిపాను. "ఇది మా అత్తగారు పాడినట్టే ఉందండీ!" అన్నారావిడ. స్వరాలవే, మారింది నడక. అప్పటికప్పుడు ఫోన్‌లో పాడించి రికార్డు చేశాను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పని ఇవాళే చెయ్యండి, శ్రుతి పెట్టె లేకపోయినా ఫరవాలేదు.

మిగతా అపోహల సంగతి గబగబా చెప్పేస్తాను. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ కీర్తనల వరసలన్నీ సారా కొట్టు పాటలవే అన్నది పుకారు. ఒక క్రిస్మస్ పాటకు పొడుపు కథ పాట వరస తీసుకున్న మాట నిజమే, 1539లో దాన్నీ మార్చేశారు. జానపదానికి రాగం ఉండదన్నదీ తప్పే. ఆనందభైరవి, పున్నాగవరాళి పల్లె పాటల్లో ఎన్నిసార్లు వినలేదు! 'అది సినిమా వరస కదా' అంటారు, చాలాసార్లు సినిమావాళ్లే పల్లె నుంచి తెచ్చుకున్నారు. అయితే యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు జాగ్రత్త: వరస జానపదమే అయినా, సినిమా రికార్డింగు, అందులోని వాద్య సంగీతం వాళ్లవే. మీ పాట మీ హార్మోనియం మీదే పాడుకోండి.