బానెట్ రంగును కాల్చేది ఇంజినా, ఎండా? విశాఖ కార్ల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

బానెట్ రంగు వెలిసినా, పొక్కినా, పెచ్చులు లేచినా ముందు నింద పడేది ఇంజిన్ వేడి మీదే. ఇంజిన్ ఎదురు చెప్పదు కాబట్టి ఓనరుకీ పెయింటరుకీ ఇద్దరికీ అది సుఖమే. విశాఖలో అసలు దోషులు వేరు: ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఉప్పుగాలి, బోరు నీళ్లు, చేతిలో ఉన్న పొడిగుడ్డ. వేడి వాటి పనిని త్వరగా ముగిస్తుంది, అంతే.

అపోహ: ఇంజిన్ వేడికి బానెట్ పెయింట్ కాలిపోతుంది.

కంపెనీలో బాడీకి వేసే మొదటి పూతను సుమారు 160–180 డిగ్రీల ఓవెన్‌లో, రంగు పైన వేసే పారదర్శక మెరుపు పూత క్లియర్‌కోట్‌ను 140 డిగ్రీల దగ్గర ఇరవై, ముప్పై నిమిషాలు కాలుస్తారు. మే నెల మధ్యాహ్నం బీచ్ రోడ్డులో ఆపిన నల్ల కారు బానెట్ 70–80 డిగ్రీలకు చేరవచ్చు. చెయ్యి పెట్టలేం, నిజమే. కానీ 140 చూసి వచ్చిన పెయింట్‌కి అది లెక్క కాదు.

అనుమానం ఉంటే టాప్, అంటే కారు పైకప్పు చూడండి. దాని కింద ఇంజిన్ లేదు. బానెట్‌తో పాటు టాప్ కూడా వెలిసి, తలుపులు మాత్రం బాగుంటే పని ఎండది. ఆకాశం వైపు పరుచుకుని ఉండే ఈ రెండిటి మీదే ఎండ నేరుగా పడుతుంది. మంచు, దుమ్ము, రెట్ట నిలిచేదీ వీటి మీదే.

ఇంజిన్ వేడి నిజంగా తేడా చూపించేది కంపెనీ పెయింట్ పోయి బయటి షెడ్డులో మళ్లీ వేయించిన బానెట్ మీద. ఆ పెయింట్ హార్డ్‌నర్‌తో గట్టిపడే రకం. బూత్ (పెయింట్ వేసి వేడితో ఆరబెట్టే మూసిన గది) ఉంటే రేకు 60 డిగ్రీలకు వచ్చాక అరగంట ఉంచుతారు. బూత్ లేని షెడ్డులో ఆరుబయటే ఆరాలి. చేతికి అంటుకోనంత మాత్రాన లోపల గట్టిపడినట్టు కాదు, దానికి వారాలు పడుతుంది. తొలి 30 రోజులు వ్యాక్స్, కోటింగ్, పైన అంటించే పారదర్శక ప్లాస్టిక్ ఫిల్మ్, కవరు ఏదీ వద్దు.

అపోహ: పొక్కులు వేడికే వస్తాయి.

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా.

పొక్కును సూదితో గుచ్చి చూడండి. నీటి చెమ్మ వస్తే పెయింట్ కింద ఉప్పు చిక్కుకుందని అర్థం. గోధుమ రంగు పొడి వస్తే తుప్పు. పొక్కులా ఉబ్బకుండా, నోరు తెరిచిన ఆవగింజంత గుంటలైతే థిన్నర్ ఆవిరి లోపల ఇరుక్కుని తన్నుకొచ్చిన గుర్తు. మూడింటికీ మూడు కారణాలు. ఏదీ ఇంజిన్‌ది కాదు.

ఉప్పు ఎలా చేరుతుంది? సర్ఫేసర్‌ను (రంగు కింద నునుపు కోసం వేసే పూత) వాటర్ పేపర్‌తో రుద్దేటప్పుడు బకెట్‌లో ఉన్నవి బోరు నీళ్లు. తీరానికి దగ్గర్లో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు రేకు మీదే ఉండిపోతుంది. దాని మీద కలర్, క్లియర్ వేస్తారు. వానాకాలంలో తేమ పెయింట్ గుండా మెల్లగా లోపలికి ఇంకుతుంది, ఆ ఉప్పు దాన్ని పట్టి లాగుతుంది, పొర ఉబ్బుతుంది. డెలివరీ రోజున అద్దంలా మెరిసిన బానెట్ ఆర్నెల్లకు చెమటకాయలు పేలినట్టు అవుతుంది.

పెయింటర్‌తో ముందే మాట్లాడుకోవాల్సినవి ఇవి. చివరి కడుగుడు మంచినీళ్ల క్యాన్‌తో చేయాలి, ఒక బానెట్‌కి 20 లీటర్లు చాలు. బాగా ఆరాక గ్రీజు తీసే ద్రావకంతో రెండు గుడ్డల పద్ధతి: ఒకటి తడిపి తుడవడానికి, ఇంకొకటి అది ఆరేలోపు ఎత్తేయడానికి. ఎండాకాలం నిదానంగా ఆరే థిన్నర్ వాడాలి. కోటుకీ కోటుకీ మధ్య టిన్ను మీద రాసినంత గ్యాప్ ఇవ్వాలి. సాయంత్రం కారు ఇచ్చేయాలన్న తొందరలో ఆ గ్యాప్ మింగేస్తే ఆవగింజ గుంటలు ఖాయం. కొన్ని పెయింట్లకి రెండు పాళ్లకి ఒక పాలు హార్డ్‌నర్, కొన్నిటికి నాలుగు పాళ్లకి ఒకటి. కొలగిన్నెతో కలపాలి తప్ప కంటి చూపుతో కాదు. క్లియర్ రెండు నిండు కోట్లు పడాలి. ముసురు పట్టిన రోజు అసలు వేయకపోవడమే మేలు, తేమకు పూత తెల్లబారుతుంది.

అపోహ: కాలిన బానెట్ మీద చన్నీళ్లు పోస్తే పెయింట్ పగులుతుంది.

పగిలేదే అయితే మొదటి వేసవి వానకే ఊళ్లో కార్లన్నీ పగలాలి. నష్టం వేరే రకం. వేడి రేకు మీద నీళ్లూ షాంపూ నిమిషంలో ఆవిరై, కాల్షియం, ఉప్పు తెల్లటి ఉంగరాల్లా మిగులుతాయి. అరచెయ్యి బానెట్ మీద ఐదు సెకన్లు ఆనించి ఉంచగలిగితేనే కడగండి, అదీ నీడలో. ఆఖరి నీళ్లు మున్సిపల్ కుళాయివి పోసి వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తి తీయండి. మరకలు పడిపోతే తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి నిమిషం ఉంచి కడిగేయాలి. అప్పటికీ ఉంగరం కనిపిస్తే అది మరక కాదు, గుంట. పాలిష్ తప్ప దారి లేదు.

అపోహ: సిరామిక్ కోటింగ్ వేయిస్తే వేడి తగలదు.

ఒకటి, రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర వేడిని ఏం ఆపుతుంది? ఈ కోటింగ్ గట్టిదనానికి చెప్పే 9హెచ్ అన్నది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో అంకె, వజ్రమంత గట్టిదని కాదు. మురికి అంటకుండా జారిపోతుంది, కడగడం సులువవుతుంది. నీటి మరకలు దాని మీదా పడతాయి. అనకాపల్లి వైపు హైవే మీద రోజూ తిరిగే కారుకి రాళ్ల దెబ్బ నుంచి రక్షణ కావాలంటే 150–200 మైక్రాన్ల ఫిల్మ్ వేరు. అదీ వేడికి గొడుగు కాదు.

అపోహ: బానెట్ కింద ప్యాడ్ ఊడితే రంగు పోతుంది.

ప్యాడ్ ముఖ్యంగా శబ్దం కోసం, వేడి ఆపడం దాని రెండో పని. అయితే ఎలుకలు కొరికి వేలాడుతుంటే మాత్రం వదిలేయకండి, టర్బో మీదో సైలెన్సర్ మ్యానిఫోల్డ్ మీదో వాలితే మంటే. ఆయిల్ పీల్చుకున్న ప్యాడ్ కూడా పారేయాల్సిందే. ఆ మోడల్‌కి సరిపోయేదే కొనండి, క్లిప్పులు రెండు మూడు ఎక్కువ తీసుకోండి, పాతవి లాగితే విరుగుతాయి. వెండి రేకు అంటించిన ఫోమ్ షీట్లు గమ్‌తో అతికిస్తే వేడికి గమ్ కరిగి ఇంజిన్ మీద పడతాయి.

అపోహ: ఏటా రబ్బింగ్ (గరుకు పాలిష్‌తో రుద్దడం) చేయిస్తే కొత్త కారే.

క్లియర్‌కోట్ మొత్తం 35–50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా పల్చన. ఎండను ఆపే మందు ఉండేది అందులోనే. గట్టి రబ్బింగ్ ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు కోసుకుపోతుంది. ముందు మందం మీటర్‌తో బానెట్ మీద నాలుగైదు చోట్ల కొలిపించండి. అంచుల దగ్గర క్లియర్ తెల్లగా పెచ్చులు లేస్తే ఏ పాలిషూ పనికిరాదు, రంగు వేయించాల్సిందే. కిరోసిన్, డీజిల్, కొబ్బరినూనె మెరుపు సాయంత్రం దాకా. ఆ తర్వాత దుమ్మును పట్టి ఉంచుతాయి.

అపోహ: కవరు కప్పితే చాలు.

పోర్టు పక్కన జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము పడుతుంది. దాని మీద కవరు కప్పితే సముద్రపు గాలికి అది కొట్టుకుని గరుకు కాగితంలా రుద్దుతుంది. తడి కారుకి కప్పితే ఉప్పు, తేమ లోపలే ఉంటాయి. పొడిగుడ్డతో దులపడమూ అంతే చేటు. ముందు పైపు నీళ్లతో దుమ్ము దింపాలి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి.

అపోహ: పిట్ట రెట్ట ఆదివారం కడిగితే సరిపోతుంది.

ఎండకు మెత్తబడిన క్లియర్‌లో రెట్ట కొన్ని గంటల్లోనే గుంట చేస్తుంది. ఆరేటప్పుడు అది ముడుచుకుంటూ పొరను కూడా లాగుతుంది. డిక్కీలో ఒక నీళ్ల బాటిల్, నాలుగు టిష్యూలు ఉంచండి. టిష్యూ తడిపి రెట్ట మీద పరిచి ఐదు నిమిషాలు నాననిచ్చి, రుద్దకుండా పైకి ఎత్తండి. మిగిలింది ఇంకో తడి టిష్యూతో తీయండి.